తూము తీసినంత మాత్రమున చాలునా?

1931 లో మంజీరపై నిజాంసాగరము పూర్తియైన నాటినుండి మన బాన్సువాడ ప్రాంతపు రైతునకు ఒక కొలత తెలియును. తూము ఎంత యెత్తిరని అతడు మొదట అడుగడు. కాలువ కొసనున్న మడి తడిసినదా యని అడుగును. కొసమడి యెండినచో, తూముకడ వ్రాసిన లెక్క యెంత ఘనమైనను వానికి గింజ రాలదు. ఉన్నతవిద్యను గూర్చి మనము ఈ ప్రశ్ననే యేల అడుగరాదు?

కళాశాలలను తూచుటకు వ్యవస్థ లేకపోలేదు. 1994 లో యు.జి.సి. నెలకొల్పిన న్యాక్ సంస్థ బోధన, పరిశోధన, వసతులు, పాలన మొదలగు ఏడు అంశములను పరీక్షించి శ్రేణుల నిచ్చుచు వచ్చినది. ఉద్దేశము ఉత్తమమైనదే. కాని దస్త్రముల నింపుట యొక విద్య, విద్యార్థి మనస్సును నింపుట వేరొక విద్య. 2025 ఫిబ్రవరిలో, గుంటూరు ప్రాంతపు ఒక విద్యాసంస్థకు మంచి శ్రేణి యిచ్చుటకు లంచము పుచ్చుకొనిరను ఆరోపణపై తనిఖీ సంఘ సభ్యులనే సి.బి.ఐ. నిర్బంధించినది. నిజానిజములను న్యాయస్థానము తేల్చును. అయినను, తూచువాని త్రాసునే శంకింపవలసివచ్చుట జాతికి తలవంపు కాదా?

ఇక పరీక్షలు. విశ్వవిద్యాలయ విద్యలో ఒక్క సంస్కరణమునే సూచింపవలసివచ్చినచో అది పరీక్షల సంస్కరణమే కావలెనని రాధాకృష్ణన్ సంఘము 1949 లోనే చెప్పినది. నేటికిని మన పరీక్ష పెక్కుచోట్ల జ్ఞాపకశక్తినే కొలుచుచున్నది. 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనపుడు తెలుగు బాలుడు తన తెలివిని పరభాషలో నిరూపించుకొనవలసివచ్చెను. నేడు పల్లెలో తెలుగున చదివివచ్చిన బాలిక ఆంగ్లమున జవాబును వల్లెవేసి వ్రాసినచో, ఆ మార్కులు తెలుపునది జ్ఞానమునా, కంఠస్థమునా?

అధ్యాపకునకును న్యాయము జరుగవలెను. ఉత్తీర్ణుల సంఖ్యనుబట్టి మాత్రమే అతనిని తూచుట తగదు. మెరికలవంటి పిల్లలను చేర్చుకొని మెరికలుగానే పంపుటలో గొప్పయేమి? వెనుకబడివచ్చిన వానిని నిలబెట్టినవాడే గురువు. ఖాళీ ఉద్యోగములను నింపక, ఒక్కనిచే ముగ్గురి పని చేయించి, పిదప ఫలితమేదని గద్దించు ప్రభుత్వమునకు అతనిని నిందించు అధికారము లేదు.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, ప్రతి పాఠ్యాంశమునకు ఆరంభమునను అంతమునను మార్కులతో సంబంధము లేని చిన్నపరీక్ష పెట్టి, విద్యార్థి యెంత ముందుకు సాగెనో చూడవలెను. రెండవది, కొంత భాగమైనను తన భాషలో నోట చెప్పించి, అర్థమైనదో లేదో తెలిసికొనవలెను. మూడవది, విద్యార్థుల అభిప్రాయమును పేరు వ్రాయించుకొనక సేకరింపవలెను. సాక్షిని విచారింపక తీర్పు చెప్పు న్యాయస్థానమును ఎవరు మెత్తురు? అయితే ఆ అభిప్రాయము అధ్యాపకునకు అద్దము కావలెను గాని కొరడా కారాదు.

2006 లో నిజామాబాదునకు చేరువగా డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయము వెలసినది. మన బాన్సువాడలోను ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. దూరదేశములకు పోకయే పట్టము పొందు భాగ్యము బిడ్డలకు లభించినది. ఇవి తూములు. నీరు కొసమడికి చేరినదా యని అడుగవలసినవారు తనిఖీదారులు మాత్రమే కారు, పట్టణ పెద్దలు, తల్లిదండ్రులు, గ్రంథాలయమున ఈ పత్రికను చదువు సోదరులు. పిల్లవాడు ఇల్లు చేరినపుడు, మార్కులెన్ని యని కాక, నేడేమి తెలిసికొంటివని అడుగుడు. సంస్కరణము ఆ ప్రశ్నతోనే ఆరంభము కాగలదు.