విజయవాడ యార్డులో ఏ ఇంజను ఏ రైలుకు?

చెన్నై, కాజీపేట, విశాఖ మార్గాలు కలిసే విజయవాడ జంక్షన్‌లో ఇంజన్లు చూడటం సరదాగా పెట్టుకున్నవారికి పొద్దుపోదు. ఇంజను నుదుటి మీది అక్షరాలే దాని జాతకం. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ విద్యుత్తు, పీ ప్రయాణికుల రైలుకు, జీ గూడ్సుకు. కలిపి చదివితే వ్యాప్, వ్యాగ్.

వ్యాప్-7, వ్యాగ్-9 దాదాపు అన్నదమ్ములు. రెండింటి శక్తీ 6,000 హార్స్‌పవర్ పైచిలుకే. తేడా అంతా పళ్లచక్రాల్లో ఉంది. చక్రం ఒక్క చుట్టు తిరగడానికి వ్యాప్-7 మోటారు 3.6 చుట్లు తిరిగితే, వ్యాగ్-9 మోటారు ఐదు చుట్లకు పైగా తిరుగుతుంది. అందుకే మొదటిది గంటకు 140 కిలోమీటర్ల వేగానికి, రెండోది బరువు లాగడానికి. శక్తి అంటే బలం, వేగాల లబ్ధం అని బట్టీపట్టే సూత్రం ఇక్కడ పట్టాల మీద కనిపిస్తుంది. వ్యాగ్-9హెచ్‌కైతే పట్టు కోసం బరువును కావాలనే పెంచారు!

ఈ వైవిధ్యం అవసరం. ఇంకొకటి కాలం మిగిల్చింది. పాత వ్యాప్-4, వ్యాగ్-5, వ్యాగ్-7లలో డీసీ మోటార్లు ఉంటాయి. అవి ఆగేటప్పుడు రైలు చలనశక్తి వేడిగా గాలిలో కలిసిపోతుంది. 1990లలో ఏబీబీ సంస్థ నుంచి తెచ్చుకున్న త్రీఫేజ్ సాంకేతికతతో తయారైన ఇంజన్లు బ్రేకు వేసేటప్పుడు మోటారునే జనరేటరుగా మార్చి కరెంటును పైతీగకు తిరిగి పంపుతాయి. దాన్ని దగ్గర్లోని మరో రైలు వాడుకోవచ్చు.

ఇది ఎంత? వెయ్యి టన్నుల రైలు 110 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని చలనశక్తి సుమారు 130 యూనిట్లు. మొత్తం వెనక్కి రాదు, కొంత భాగమే వస్తుంది. కానీ ప్రతి స్టేషన్‌లో ఆగే రైలుకు ఆ కొంత రోజంతా పోగవుతుంది.

ఆయుష్షు మిగిలిన పాత ఇంజన్లను తుక్కుకు పంపమనడం దుబారా. వాటికి ఏ పని అప్పగిస్తున్నామన్నదే ప్రశ్న. త్రీఫేజ్ ఇంజన్లను ముందుగా తరచూ ఆగే రైళ్లకు కేటాయించాలి. వ్యాగ్-7 లాంటివి ఆగకుండా దూరం వెళ్లే బొగ్గు రేకులను లాగితే నష్టం తక్కువ. ఇప్పుడు ప్రతిష్ఠ గల రైళ్లకే కొత్త ఇంజను ముందు దక్కాలన్న మోజు కనిపిస్తుంది. కరెంటు లెక్కకు మాత్రం రైలు పేరుతో పనిలేదు, అది ఎన్నిసార్లు ఆగుతుందన్నదే కావాలి.