నల్ వేరు.. సున్నా వేరు!

డేటాబేస్‌లో నల్‌కీ సున్నాకీ తేడా ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే ఠక్కున చెప్పేస్తారు కదా! అదే ప్రశ్న కలివి కోడి విషయంలో వేసుకోండి. 1848లో జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన ఈ పిట్ట 1900 తర్వాత జాడ లేకుండా పోయింది. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా ముళ్ల పొదల అడవిలో మళ్లీ దొరికింది! అంటే అన్నేళ్లూ రికార్డుల్లో ఉండాల్సింది సున్నా కాదు, నల్.

ఇది రాత్రిపూట తిరిగే పిట్ట. అందుకే పరిశోధకులు మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు వెతికారు. రికార్డు చేసిన కూత వినిపించి, బదులు కోసం చెవులు రిక్కించారు. పిట్ట అక్కడే ఉన్నా, ఒక రాత్రి కూత వినపడే అవకాశం 20 శాతమే అనుకోండి. పది రాత్రులు తిరిగినా ఒక్కసారీ వినపడకపోయే అవకాశం ఇంకా 11 శాతం దాకా ఉంటుంది. ఈ లెక్క తేల్చేదే ఆక్యుపెన్సీ మోడలింగ్. మీకొచ్చిన ప్రాబబిలిటీ, పైథాన్ ఇక్కడ బాగా పనికొస్తాయి (జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఆశించకండి, ముందే చెబుతున్నా).

తెలుగుగంగ కాలువ దారినే ఈ పిట్ట కోసం మార్చాల్సి వచ్చింది. రేపు ఇంకో ప్రాజెక్టు ఫైల్లో 'ఇక్కడ ఆ పక్షి లేదు' అని కనిపిస్తే, ఎన్ని రాత్రులు వెతికారో అడగండి.