స్కానింగు రిపోర్టు బాగున్నంత మాత్రాన

గత మాసం మాకు అందిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలా సేపు ఆలోచింపజేసింది. రాసినది ఒక సోదరి. ఆమె భర్త చిన్న దుకాణం నడుపుకునే మనిషి. ఎనిమిది నెలలుగా దుకాణం తెరవడం దాదాపు మానుకున్నారు. రాత్రులు నిద్ర లేదు, వడ్డించిన అన్నం పళ్లెంలో అలాగే ఉండిపోతున్నది, పిల్లలు పక్కన వచ్చి కూర్చున్నా పలకరింపు లేదు. నలుగురూ చెప్పగా అప్పు చేసి మెదడుకు ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించారు. ఏ లోపమూ లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం ఇంటికి చేరిన నాటి నుండి అత్తగారి మాట మారిపోయిందట. మెదడు బాగానే ఉన్నప్పుడు ఇది బద్ధకం కాక మరేమిటని ఆమె అంటున్నారట. ఒక బంధువు మరో అడుగు ముందుకు వేసి, ఈమాన్ బలహీనపడిందని తేల్చేశారట. ఆ సోదరి మమ్మల్ని అడిగినది ఒక్కటే: రిపోర్టు అబద్ధమా, మా ఆయన బాధ అబద్ధమా?

అమ్మా, రిపోర్టూ నిజమే, మీ వారి బాధా నిజమే. ఆసుపత్రిలో స్కానింగు చూసే వైద్యుడు వెదికేది గడ్డలను, రక్తస్రావాన్ని, రక్తనాళం మూసుకుపోయిన గుర్తులను. అవి లేవని తెలియడం మేలే. కానీ కుంగుబాటును నిర్ధారించే స్కానింగు నేటికీ లేదు. రోగితో, ఇంటివారితో మాట్లాడి, నిద్ర, ఆకలి, ఆసక్తి, ఏకాగ్రత, చావు తలపులు వంటివి విచారించి, అవి కనీసం రెండు వారాలుగా విడవకుండా ఉన్నాయా అని చూసి వైద్యులు నిర్ణయానికి వస్తారు. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని తెలుసుకోవడానికి రక్తపరీక్ష అడుగుతారు. అప్పు చేసి స్కానింగు తీయించవలసిన అవసరం చాలామందికి ఉండదు.

మరి కుంగుబాటుకూ మెదడు నిర్మాణానికీ సంబంధమే లేదా? ఉన్నది. జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ అనే చిన్న భాగం కణతల లోపలి వైపున, సముద్రపు గుర్రం ఆకారంలో ఉంటుంది. అనేక దేశాల పరిశోధకులు తమ వద్దనున్న స్కానింగులను ఒకచోట చేర్చి 2016లో ఒక ఫలితం ప్రకటించారు. కుంగుబాటు ఉన్న 1,728 మందిని, లేని 7,199 మందిని పోల్చగా, మొదటి వర్గంలో ఈ భాగం సగటున 1.2 శాతం మేర చిన్నదిగా కానవచ్చింది. వ్యాధి తిరిగి తిరిగి వచ్చినవారిలోనూ, 21 ఏళ్లలోపే మొదలైనవారిలోనూ ఈ తేడా స్పష్టంగా ఉన్నది. మొదటిసారి మాత్రమే వచ్చినవారిలో అంతగా లేదు. మరుసటి ఏడు పదివేల మందికి పైగా స్కానింగులను పరిశీలించినప్పుడు, కుంగుబాటు ఉన్న పెద్దవారిలో మెదడు పైపొర కొన్ని చోట్ల, ముఖ్యంగా నుదుటి వెనుక అడుగు భాగంలో, కొద్దిగా పలుచగా ఉన్నట్లు తేలింది.

1.2 శాతం అంటే ఎంత? వంద బియ్యపు గింజలలో ఒకటి తగ్గినంత. అది కూడా సగటు లెక్క. ఆరోగ్యవంతులలోనే ఒకరి మెదడుకూ మరొకరి మెదడుకూ అంతకు మించిన తేడా ఉంటుంది. 2022లో వెలువడిన మరో అధ్యయనంలో సుమారు 1,800 మందిని పరిశీలించారు. ఏ ఒక్క కొలతను తీసుకున్నా రెండు వర్గాలూ 87 శాతానికి పైగా ఒకదానిపై ఒకటి ఒదిగిపోయాయి. ఆ కొలతను బట్టి రోగి ఎవరో చెప్పబోతే 56 శాతానికి మించి సరిపోలేదు. నాణెం ఎగురవేసినా సగం సరిపోతుంది కదా! వేలమందిని కలిపి చూస్తే తప్ప కానరాని తేడాను ఒక ఇంటి యజమాని రిపోర్టులో వెదకడం వృథా. ఈ సంగతిని అత్తగారికి నెమ్మదిగా వివరించమని మా మనవి. ఆమెది నిర్దయ అని మేము అనుకోవడం లేదు. కొడుకును అలా చూడలేని తల్లి భయం అలా మాట్లాడిస్తుంది.

చిన్న మెదడు భాగం వల్ల వ్యాధి వచ్చిందా, వ్యాధి వల్ల అది చిన్నదయిందా అన్న వివాదం తీరలేదు. దీర్ఘకాలపు ఒత్తిడి జంతువుల హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలను కుదించిన సంగతి ప్రయోగశాలల్లో రుజువైనది. 2003లో 38 మంది మహిళలపై జరిగిన ఒక అధ్యయనం మాత్రం మమ్మల్ని ఆకట్టుకున్నది: చికిత్స లేకుండా గడిచిన కుంగుబాటు రోజులు ఎంత ఎక్కువైతే హిప్పోకాంపస్ అంత చిన్నదిగా ఉన్నది, మందులు వాడిన రోజులకు అటువంటి సంబంధం లేదు. చిన్న అధ్యయనమే. అయినా ఎనిమిది నెలలు ఎదురుచూసిన ఇంటికి అది ఆలోచించదగినది.

ఇక ఈమాన్ మాట. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరారోగ్యం, మానసికారోగ్యం రెండింటిపైనా ఒక గ్రంథం రచించారు. దుఃఖం రెండు విధాలని అందులో ఆయన చెప్పారు: ఆత్మీయుల మరణం వంటి తెలిసిన కారణం వల్ల కలిగేది ఒకటి, ఏ కారణమూ కానరాక, మనిషిని పనిపాటలకు దూరం చేసేది రెండవది. ఈ రెండవదానికి మూలం శరీరంలోనే ఉన్నదని, వైద్యం కూడా శరీరానికే చేయాలని ఆయన అభిప్రాయం. వెయ్యేళ్ల క్రితం మన పండితుడు గుర్తించిన భేదాన్ని ఆ బంధువు కూడా గుర్తించగలరని ఆశిస్తున్నాము. దుఆ చేయండి, వైద్యుని వద్దకూ తీసుకువెళ్లండి. ఒకటి మరొకదానికి అడ్డు కాదు.

మాత్రలు ఇస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే పనిచేయలేదని మానవద్దు, బాగున్నదని సొంతంగా ఆపవద్దు. రమజానులో మాత్రల వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు మార్చుకోవడం ఎలాగో వైద్యుని ముందుగానే అడగండి. చావు మాటలు నోట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు, ఆయనను ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తున్నది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. స్కానింగు ఫిల్మును పారవేయకుండా వెంట తీసుకువెళ్లండి. మళ్లీ తీయించే ఖర్చు తప్పుతుంది.