మంచునేలల మూలధనము

మూలధనమును తీసి లాభమని పంచుకొను సంఘము గతి యేమగునో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. నేలకును ఇట్టి లెక్కయే గలదు. ఉత్తరధ్రువప్రాంతపు భూములు నేడు దానిని మనకు చూపుచున్నవి.

అలాస్కా, కెనడా, సైబీరియా ప్రాంతములలో వేలయేండ్లుగా గడ్డకట్టియున్న నేలలు విస్తారముగా గలవు. వేసవిలో పైపొర మాత్రమే కరగును. చలిచే సూక్ష్మజీవుల పని మందగించుటవలన ఆకు, వేరు, నాచు పూర్తిగా చివుకక క్రింద నిలువయైనవి. ఇట్లు చేరిన కర్బనము సుమారు 1,50,000 కోట్ల టన్నులని శాస్త్రజ్ఞుల అంచనా. వాయుమండలమందలి కర్బనమునకు ఇది ఒకటిన్నర రెట్లకు మించినది.

1979 తరువాత ఆ ప్రాంతము ప్రపంచపు సగటుకంటె దాదాపు నాలుగురెట్లు వేగముగా వేడెక్కినది. నేల కరగినచోట సూక్ష్మజీవులు ఆ నిలువను తినుచున్నవి. కర్బనము బొగ్గుపులుసు వాయువుగను, నీరు నిలిచినచోట మీథేనుగను పైకెగసి, వేడిమిని మరింత హెచ్చించును. కట్టుబడియున్న నత్రజని విడివడి మొక్కలకందును, పొదలు పెరుగును.

పొదలు పెరిగినచో నవి గాలిలోని కర్బనమును తిరిగి గ్రహింపవా యని కొందరడుగుదురు. ప్రశ్న యుచితమే, కొంత గ్రహించుట నిజమే. అయినను అలాస్కాలోని టూలిక్ సరస్సు చెంత 1981 మొదలుకొని ఏటేట నత్రజని, భాస్వరపు టెరువులు వేసి పరీక్షించిరి. 20 ఏండ్లకు పొదలు ఏపుగా పెరిగినవి. కాని లోతునేల కోల్పోయిన కర్బనము ఆ పెరుగుదలను మించెను. 2004లో ప్రకటించిన లెక్క ననుసరించి నికరనష్టము చదరపు మీటరునకు దాదాపు 2 కిలోలు. అనగా ఎకరమునకు సుమారు 8 టన్నులు.

కావున పైపచ్చదనమును చూచి నేల బలిసినదని తలపరాదని మా యభిప్రాయము. మంచునేల లెక్కను మన చేలకు యథాతథముగా అన్వయింపరాదు. మనవి వేడినేలలు; ఇచ్చట చివుకు త్వరగా హరించును, నిలువ స్వల్పము. స్వల్పమగుటచేతనే దానిని మరింత జాగ్రత్తగా కాపాడుకొనవలెను. రసాయనపు టెరువులు వలదని మేము చెప్పము. వానితోపాటు పశువులపెంట, పచ్చిరొట్ట నేలకు చేరవలెను; కొయ్యకాళ్లను తగులబెట్టుట మానవలెను. సంఘములు యూరియా బస్తాలకిచ్చు ప్రాధాన్యమును జనుము, జీలుగు విత్తనములకును ఈయవలెను. సభ్యులీ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింప గోరుచున్నాము.

వేలయేండ్ల మంచునిలువ పోయినచో మన తరములలో తిరిగిరాదు. మన చేనినిలువ మాత్రము ఏటేట మనమే పెంచుకొనదగినది.