దండ వేశారు సరే, దరఖాస్తు ఎవరు నింపుతారు?

జుక్కల్ దిక్కు ఊర్లలో ఒక మిల్ట్రీ పెద్దాయన కన్నుమూస్తే వాకిట్లోకి ముందుగా వచ్చేది కెమెరా. దాని వెనకాల నాయకుడు. పెద్దకొడుకు భుజమ్మీద చెయ్యేసి నిలబడతాడు, ఫొటో అవుతుంది, తెల్లారి జిల్లా పేజీలో 'పరామర్శ' అని రెండంగుళాల వార్త. ఫ్లెక్సీ మీద పోయిన మనిషి మొహం కంటే వేయించినవాళ్ల మొహాలే పెద్దవి. పదొద్దులు కాగానే అందరూ మాయం. లోపలింట్లో ముసలామె మాత్రం ట్రంకుపెట్టె ముందేసుకుని ఆయన డిశ్చార్జి బుక్కు కోసం వెతుకుతుంటుంది.

నాకు కడుపు మండేది ఇక్కడే.

1971 డిసెంబర్ 3 నుంచి 16 దాకా పాకిస్తాన్‌తో యుద్ధం. 93 వేల మంది లొంగిపోయారని ఏటా గొంతు చించుకుంటాం. ఆనాడు 20 ఏళ్ల కుర్రాడిగా తుపాకి పట్టినవాడికి ఇప్పుడు 75. ఆ తరం ఒక్కొక్కరే రాలిపోతోంది. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద అమరుల పేర్లున్నాయి, ఉండాల్సిందే. 2020 నవంబర్‌లో కశ్మీర్ మాచిల్‌లో ప్రాణమిచ్చిన మన ఉమ్మడి నిజామాబాద్ బిడ్డ ర్యాడ మహేశ్‌కు సొంతూరు కోమన్‌పల్లిలో జనం కన్నీళ్లతో వీడ్కోలు పలికారు; పలకాల్సిందే. మరి బతికి తిరిగొచ్చి, పొలం దున్నుకుని, పిల్లల్ని పెంచి, ముసలితనంలో మంచాన పడి పోయిన సిపాయి చేసిన నేరమేంటి? తూటా తగలకపోవడమా?

బాపు మీద మూడురంగుల జెండా కప్పుదామని కొడుకు ఆశపడితే అదీ కుదరదు. ప్రభుత్వ లాంఛనాలతోనో, సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండా కప్పడాన్ని చట్టం ఒప్పుకోదు. ఆ లాంఛనాల కోసం పైవాళ్లను అడగగలిగిన పెద్దమనుషులు సరిగ్గా ఆ పూటే ఫోన్ ఎత్తరు.

ఇక లోపలింట్లోని ఆ ముసలామె సంగతి. ఆయన ఉన్నన్నాళ్లు ఆఖరి జీతంలో సగం పెన్షన్. డెబ్బై దాటి పోయాడు కాబట్టి ఆమెకు దక్కేది మామూలు కుటుంబ పెన్షన్, ఆ జీతంలో 30 శాతం. అదీ చేతికి రావాలంటే మరణ ధ్రువపత్రం, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు అన్నీ సైనిక పెన్షన్ల 'స్పర్శ్' పోర్టల్‌లోకి ఎక్కాలి. చావు కబురు చెప్పడం ఆలస్యమై ఆయన పెన్షన్ ఇంకో నెల ఖాతాలో పడితే దాన్ని వెనక్కి లాక్కుంటారు. మహారాష్ట్ర, కర్ణాటక రెండూ ఆనుకున్న నేల ఇది. ఫౌజు రికార్డుల్లో గంగవ్వ అని ఎక్కిన మనిషి ఆధార్‌లో గంగాబాయి అవుతుంది. ఇక అంతే. యాభై ఏళ్లు కాపురం చేసిన ఆడమనిషి ఆయన భార్యనేనని రుజువు తెచ్చుకోవాలి.

15 ఏళ్ల సర్వీసు నిండక పెన్షనే రానివాళ్ల గోడు వేరే. 65 దాటిన అలాంటి పేద మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. రూ.4,000 ఉన్నదాన్ని 2025లో రూ.8,000 చేశారు. మైకు పడితే గంట దిగని నాయకుడికి ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరెందుకు పెగలదు?

తండ్రిని పోగొట్టుకున్న బిడ్డలారా, సిగ్గుపడకుండా అడగండి. ఆ పైసలు మీ బాపు మంచులో, ఇసుకలో నిలబడి సంపాదించి పెట్టినవి. ఎవరి దయా కాదు.

పరామర్శకు బయల్దేరే పెద్దలారా, ఈసారి దండ మానేయండి. పంచాయతీ కార్యదర్శిని వెంటబెట్టుకుని పోయి మరణ ధ్రువపత్రం త్వరగా ఇప్పించండి. కంప్యూటర్ తెలిసిన కుర్రాణ్ని కూర్చోబెట్టి దరఖాస్తు నింపించండి. పేరులో తేడా ఉంటే అఫిడవిట్ ఖర్చు మీరు పెట్టుకోండి; మీ ఫ్లెక్సీ ఖర్చులో అదెంత? ఈ కాగితాల కోసం ఆమె బస్సులు మారుతూ నిజామాబాద్ దాకా తిరుగుతుంటే మీ కారు ఇంకో ఊరి పరామర్శకు ఎట్లా పోతుంది? ఆమెను ఎక్కించుకోండి. మొదటి నెల కుటుంబ పెన్షన్ ఆమె ఖాతాలో పడ్డాక రండి. అప్పుడు దిగుదాం ఫొటో.