ఖాళీగా విడిచిన గడి

మా తాతగారి కాలమున సబ్‌రిజిస్ట్రారు కచేరీ అరుగుమీద కూర్చుండి దస్తావేజులు వ్రాసెడి లేఖరుల కొక అలవాటుండెడిది. పంక్తి కాగితపు అంచుదాక పోక నడుమనే ముగిసినచో, మిగిలిన చోటును వారూరక విడువక, అడ్డముగా గీత కొట్టి, పిదపనే తరువాతి పంక్తికి దిగెడివారు. ఏలయన, తాము పలుకక విడిచిన చోట రేపు మరియొకడు వచ్చి తనకు తోచినది పలికించునని వారెరుగుదురు.

2024 మే నెలలో ఆస్ట్రేలియాయందు జరిగిన యొక ఉదంతమును చదివినప్పుడు నాకా గీతయే జ్ఞప్తికి వచ్చినది. విశ్వవిద్యాలయ సిబ్బంది మొదలైన వారి పదవీవిరమణ ధనమును, అనగా మన ప్రావిడెంటు ఫండు వంటిదానిని, కాపాడెడి యూనీసూపర్ అను నిధికి 6 లక్షలకు పైగా సభ్యులును, సుమారు 12,500 కోట్ల డాలర్ల ధనమును అప్పటికి ఉండెను. ఆ నిధికొరకు ప్రైవేటు క్లౌడును నెలకొల్పుచు గూగుల్ ఉద్యోగులు, తమ సంస్థలో వాడుకొను నొక పనిముట్టునందు ఒక గడిని, అనగా ఒక పారామీటరును, నింపక విడిచిరి. గడి నిండనిచో గడువు ఒక్క సంవత్సరమే యని ఆ పనిముట్టు తనంతట తాను నిశ్చయించుకొని, ఏడాది తిరిగినంతనే, ఎవ్వరినడుగక, ముందుగా నొక హెచ్చరికయైన పంపక, క్లౌడును తుడిచివేసినది. తొలగింపును కోరినది గూగుల్‌కు ఖాతాదారైన యూనీసూపర్ కాదు గనుక, ఖాతాదారునకు కబురు పంపెడి ఏర్పాటును దాని కెవ్వరును చేసి యుండలేదు! రెండు తావులయందు జంట ప్రతులుంచుకొన్నను ఆ జంట అక్కరకు రాలేదు; వేరుగా దాచుకొన్న బ్యాకప్‌లుండబట్టి బ్రతికిరి. సొమ్ము భద్రముగానే యున్నను, వారమునకు పైగా సభ్యులు తమ ఖాతాలను చూచుకొనలేకపోయిరి. యూనీసూపర్ అధిపతి పీటర్ చున్, గూగుల్ క్లౌడ్ అధిపతి థామస్ కురియన్ ఉమ్మడిగా ప్రకటన చేసి, ఇట్టిది మునుపెన్నడును జరుగలేదని చెప్పుకొనిరి. జరుగకపోయి యుండవచ్చును, కాని ఖాళీ గడులు మాత్రము ప్రతి సర్వరు వెనుకను ఉన్నవి.

ఇప్పటి సర్వరు అప్లికేషను ఒక్క కట్టడము కాదు. లాగిన్ ఒక మాడ్యూలు, చెల్లింపు లొకటి, ఉత్తరములు పంపునది మరియొకటి. ప్రతిదియు లేచునప్పుడు తన డేటాబేసు ఎక్కడనియు, మెమరీ ఎంతయనియు, ప్రతులెన్నియనియు, ఎంతకాలము బ్రతుకవలెననియు అడుగును. 2021 జనగణనమున ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడువారు 59 వేలకు పైగా తేలగా, వారిలో ఈ ప్రశ్నలకు బదులు వ్రాయుటయే జీవికగా గలవా రెందరో కలరు. సిడ్నీ నగరపు వెస్ట్‌మీడ్‌లో నున్న మా మేనల్లుడును వారిలో నొకడు. ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట అతడు బల్లమీద లాప్‌టాప్ తెరచి, నలువది పంక్తుల కాన్ఫిగరేషన్ ఫైలు చూపగా, అందు ఏడెనిమిది గడులు బోడిగా నున్నవి. ఇవేమని యడిగితిని. "నింపకపోతే ఏం మామయ్యా, డిఫాల్టు ఉంటుందిగా" అనెను.

ఆ డిఫాల్టు ఎవరి మాట? 2023 నవంబరు 8న తెల్లవారుజామున ఆస్ట్రేలియాలోని ఆప్టస్ అను ఫోను సంస్థవారి నెట్‌వర్కు కూలి, దాదాపు కోటిమంది యిక్కట్ల పాలైరి. 000 అను అత్యవసర సంఖ్యకు పిలిచియు 2,145 మంది సాయమందుకొనలేకపోయిరని నియంత్రణ సంస్థ తరువాత తేల్చినది. ఆప్టస్ సెనేటు కమిటీకి ఇచ్చుకొన్న వివరణము ప్రకారము, ఒక సాఫ్ట్‌వేర్ మార్పు వెంట దారుల సమాచారము వెల్లువవలె వచ్చిపడగా, దాదాపు 90 రౌటర్లు తమ్ము దాము కాపాడుకొనుటకై నెట్‌వర్కునుండి వేరుపడినవి. ఎంత వెల్లువకు వేరుపడవలయునను పరిమితి, ఆ రౌటర్లను చేసినవారు అమర్చి పంపిన డిఫాల్టే. వారిని తప్పుపట్టను. తమ యంత్రము ఏ ఊరికి పోవునో, ఎందరి ఫోన్లను మోయునో వారికేమి తెలియును? తెలిసినవాడు, తెలిసి మార్చవలసినవాడు, దానిని కొన్నవాడు.

ఈ వృత్తిలోని వారు సెట్టింగులను ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లలో నుంచవలెనా, కోడుతోపాటు ఫైలులో నుంచవలెనా, కేంద్రమున తాళము వేసి యుంచవలెనా యని తెగ వాదించుకొందురు. రహస్యములు ఫైలులో నుండరాదు, తక్కినవి ఎక్కడ నున్నను నాకు సమ్మతమే. గడువు, తొలగింపు, పరిమితి, ధనము: ఈ విషయములలో మాత్రము డిఫాల్టే ఉండరాదనియు, గడి నిండనిచో మాడ్యూలు లేవక మొండికేయవలెననియు నా పట్టు. అన్ని గడులును నింపుమన్న పని సాగునా యందురు, సాగదు. లాగ్ అనెడి చిట్టా ఎంత వివరముగా వ్రాయవలెను, తెర ఏ రంగుననుండవలెను అనునట్టి, తప్పినను మరల దిద్దుకొనదగిన వాటికి డిఫాల్టు మేలే.

నింపినంత మాత్రమున తీరునా యన్న, అదియు లేదు. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చిరకాలము 0200 అను పోస్టుకోడుండెడిది. దానిని, సెట్టింగులు వ్రాయు యామల్ అను భాషలోని ఫైలులో, ఉన్నదున్నట్లు వ్రాసినచో, ఆ భాష పాత నియమముల ప్రకారము సున్నతో మొదలగు సంఖ్యను ఎనిమిదింటి లెక్కగా చదివి, 128 అని చేతిలో పెట్టును. ఇంగ్లీషున 'నో' అను రెండక్షరములు వ్రాసినను దానిని మాటగా గాక అసత్యమను విలువగా గ్రహించును. రెండువైపుల కొటేషన్ గుర్తులుంచిన గాని వ్రాసినది వ్రాసినట్లు నిలువదు.

యూనీసూపర్ గొడవ తరువాత గూగుల్ ఆ పనిముట్టును మూలబెట్టి, ఆ యేర్పాటును ఖాతాదారుని చేతికే యప్పగించినది. మా మేనల్లునకు ఈ కథ తెలియనిది కాదు; కాని లేఖరి గీతను గూర్చి మాత్రము ఆ రాత్రియే వినెను. కొంతసేపు మాటాడలేదు. పిదప బోడిగా నున్న గడులలో గడువునకు సంబంధించిన దానికి వచ్చి, గడువు లేదని ఇంగ్లీషున వ్రాసి, ప్రక్కన కామెంటుగా తన పేరును, ఆనాటి తేదీయును చేర్చి, లాప్‌టాప్ మూయబోయి, మరల తెరచి, కొటేషన్ గుర్తులు రెండును ఉన్నవో లేవో చూచుకొనెను.