ఊరికే ఉండువారి పని

గడచిన ఫాల్గుణమాసమున మన సంఘ కార్యవర్గ సమావేశమునందు ఒక ప్రతిపాదన వచ్చినది. రాబోవు వార్షికోత్సవమున అతిథులకును దాతలకును అంగడి శాలువలు, గాజుపెట్టెలలోని జ్ఞాపికలు ఇచ్చుట మాని, సభ్యుల ఇండ్లలోని స్త్రీలచే లేసుగుడ్డలు, ఊలు శాలువలు అల్లించి బహూకరింపవలెనట. "మన చేతిపని, మన సంస్కృతి, పైగా ఖర్చు లేనిది" అని ప్రతిపాదకులు సెలవిచ్చిరి. సభ కరతాళధ్వనులు చేసినది. మేమును చేసితిమి. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుచుండగా ఆ మూడవ మాట మరల చెవిని పడినట్లయినది. ఖర్చు లేనిదట!

ఈ వ్యాసము ఆ మాటకు ప్రత్యుత్తరము. చప్పట్లు కొట్టినవాడే ప్రత్యుత్తరము వ్రాయుట ఏమి న్యాయమని చదువరులు అడుగవచ్చును. ఆ మాటను ముప్పదేండ్లపాటు మేమే పలుకుచు వచ్చితిమి గనుక, దాని లోతు మాకు తెలిసినంతగా ఇతరులకు తెలియదని మా మనవి.

మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి బెంగుళూరులో ఒక కార్యాలయమున గుమాస్తాగా చేరి, ముప్పదియెనిమిదేండ్లు లెడ్జర్లును హాజరుపట్టీలును వ్రాసి విరమించినవారము. మా ముత్తాతగారి నాటినుండి మా కుటుంబము ఈ ఊరనే యున్నది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. మా ఇల్లాలు మాత్రము గోదావరి పిల్ల. నరసాపురము దాపున ఒక పల్లె ఆమె పుట్టినిల్లు. 1985లో కాపురమునకు వచ్చినప్పుడు పెట్టెలో చీరల అడుగున ఒక రేకుడబ్బా, అందులో తెల్లనూలు ఉండలు, నాలుగు కొక్కెపు సూదులు తెచ్చుకొన్నది. లేసు అల్లిక ఆమెకు తల్లి నేర్పిన విద్య. ఊలు అల్లిక మాత్రము ఇక్కడ నేర్చినదే. ప్రక్కయింటి కన్నడ అజ్జిగారు రెండు పొడుగు సూదులు చేతికిచ్చి, ఈ ఊరి డిసెంబరు చలికి నీ లేసు ఆగదమ్మా అని నవ్వి, ఎదుట కూర్చుండబెట్టుకొని నేర్పినారు.

మొదటి బహుమతి ఎట్లు పుట్టినదో చెప్పవలెను. మా కార్యాలయపు జవానుకు వానకాలమున కొడుకు పుట్టెను. నెలలు నిండని బిడ్డ, బరువు చాలదు. ఆ మాట మేము భోజనము చేయుచు యథాలాపముగా అంటిమి. మూడవనాటి ఉదయమున కాఫీ లోటా ప్రక్కను ఒక చిన్న టోపీ, రెండు మేజోళ్ళు, కాగితములో చుట్టి యుండెను. మేము అడుగలేదు, ఆ జవానును అడుగలేదు. రెండు రాత్రులు కూర్చుండి ఆమె తన ఇచ్చకొలది అల్లినది. నెల గడచిన పిమ్మట అతడు బిడ్డను ఎత్తుకొని భార్యతో మా గుమ్మమునకు వచ్చి, టోపీ పెట్టియున్న ఆ తలను చూపి, మాట రాక నిలుచుండెను. చేతితో చేసి ఇచ్చిన వస్తువునకు సాటి వచ్చు బహుమతి లేదని ఆనాడు మాకు తోచినది. నేటికిని ఆ అభిప్రాయము మారలేదు. కాబట్టి మేము చేతిపనిని నిందించుచున్నామని ఎవరును అనుకొనవలదు.

ఆ తరువాత కథయే వేఱు. టోపీని చూచినవారు అడుగసాగిరి. పై అధికారి కుమార్తె పురుడు, గుమాస్తా మిత్రుని బదిలీ, టైపిస్టు వివాహము, ఖజానావారి గృహప్రవేశము, అన్నిటికిని మా ఇంటి అల్లికయే. అడిగినది వారు, ఒప్పుకొన్నది మేము. "మా ఇంటావిడ చేసిపెడుతుందండీ, ఊరికే ఉంటుందిగా" అని బల్లమీద చేయి వేసి చెప్పెడివారము. మెప్పు మా చేతికి వచ్చెను, పని ఆమె చేతికి పోయెను. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లని పెద్దలు అన్న మాట ఇంతకంటె ఎక్కడ అతుకును? పదవీవిరమణ అయిన వారమున ఇద్దరము కూర్చుండి, ఎవరెవరికి ఏమేమి ఇచ్చితిమో జ్ఞాపకము చేసికొంటిమి. మాకు పందొమ్మిది గుర్తుకు వచ్చినవి. ఆమె డెబ్బదిమూడు చెప్పినది, ఏ రంగు, ఏ కొలత, ఏ పండుగ ముందు, ఎవరికి జ్వరముగా ఉండగా అల్లినది, అన్నియు.

గుమాస్తాబుద్ధి గనుక ఒక కాగితము తీసి లెక్క వేసితిమి. ఎదిగిన పురుషునికి నిండుచేతుల స్వెట్టరు అనుకొనుడు. ఆమె అల్లికలో అంగుళము వెడల్పునకు ఐదు కుట్లు, అంగుళము ఎత్తునకు ఏడు వరుసలు. చదరపు అంగుళమునకు 35 కుట్లు. ఒంటిచుట్టు 40 అంగుళములు, పొడవు 24. అది 960 చదరపు అంగుళములు. చేయి ఒక్కొక్కటి సగటున 14 అంగుళముల చుట్టు, 18 అంగుళముల పొడవు. రెండును కలిసి 504. మొత్తము 1,464 చదరపు అంగుళములు, 51,240 కుట్లు. (మెడకు పోవు కొద్దిపాటి కుట్లు తీసివేయదలచినవారు తీసివేయవచ్చును.) గడియారము ఎదుట పెట్టుకొని చూచితిమి, పొయ్యిమీద పాలు, తలుపు తట్టువారు, ఫోను, ఇవేవియు లేనియెడల ఆమె నిముషమునకు ఇరువది కుట్లు వేయును. ఆ లెక్కన 2,562 నిముషములు, దాదాపు నలుబదిమూడు గంటలు. ముక్కలు కలిపి కుట్టుట, మెడపట్టీ, తప్పిన వరుస విప్పి మరల అల్లుట ఇందులో చేరలేదు. మేము వారమంతయు కుర్చీలో కూర్చుండి జీతము పుచ్చుకొన్న గంటలు ఇంతకంటె తక్కువే. ఒక్క స్వెట్టరుకు ఒక వారపు ఉద్యోగము! దీనిని మనము ఖర్చు లేనిదనుచున్నాము.

లేసు పని ఇంకను కష్టము. ఊలు పడకమీదనైనను అల్లవచ్చును. తెల్లనూలునకు వెలుతురు కావలెను, శుభ్రమైన చేయి కావలెను. పసుపు అంటిన వ్రేలితో తాకరాదు. కూర తాలింపు వేసి, సబ్బుతో చేతులు కడుగుకొని నాలుగు వరుసలు. చారు దించి, మరల చేతులు కడుగుకొని రెండు వరుసలు. దీనికి 'తీరిక' అని పేరు పెట్టినవాడు ఎన్నడును వంటయింటిలో నిలిచినవాడు కాడు.

ఈ తీరిక యను మాట మన ఇండ్లలో మాత్రమే పుట్టినది కాదు, అమాయకమైనదియు కాదు. దాని మీద ఒక వ్యాపారమే నడచినది. నరసాపురప్రాంతమున లేసు అల్లికను పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ప్రవేశపెట్టిరి. నాటినుండి అది ఇల్లిల్లు ప్రాకి విదేశములకు ఎగుమతియగు సరకైనది. మరియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు 1970వ దశకపు చివరలో అక్కడికి వచ్చి, ఆ స్త్రీల నడుమ పరిశోధన చేసి, 1982లో ఒక ఆంగ్లగ్రంథము ప్రకటించినది. ప్రపంచవిపణికి సరకు తయారుచేయు భారతగృహిణులు అని దాని ఉపశీర్షికకు అర్థము. మాకు అంత ఆంగ్లము రాదు. మా అమ్మాయి చదివి తెలుగున చెప్పగా వింటిమి. స్త్రీలు ఇంటిపనికి అదనముగా దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లెడివారు. ఒకరు పువ్వులు అల్లుట, వేరొకరు అతుకుట. పూర్తి వస్తువు ఏ దేశమునకు పోవునో, ఎంతకు అమ్మబడునో అల్లినవారికి తెలియదు. వారికి దక్కినది పొలమున నాట్లు వేయు కూలిస్త్రీకి దక్కినదానికన్న తక్కువ. ఎందుకు? వారు పనివారు కారట. గోషాలో ఇంటిపట్టున ఉండి తీరికవేళ ఏదో అల్లుకొను గృహిణులట. ఊరికే ఉండువారికి కూలి ఎందుకు?

మా అమ్మాయి ఈ భాగము చదువుచుండగా మా ఇల్లాలు చిక్కుడుకాయలు ఒలుచుచుండెను. ఆ పరిశోధన జరిగిన నాటికి ఆమె పదునాలుగు పదునైదేండ్ల పిల్ల, అరుగుమీద తల్లి ప్రక్కను కూర్చుండి పువ్వులు అల్లుచుండెడిది. "మా అమ్మకి డజనుకి లెక్క కట్టేవాళ్ళు. కొంచెం మాసినా వెనక్కి పంపేసేవాళ్ళు," అని మాత్రము అన్నది. బెంగుళూరులో మేము డజను లెక్కయు కట్టలేదని ఆమె అనలేదు. మేమే అనుకొంటిమి.

పట్నవాసపు ఉద్యోగినులకైనను ఈ పీడ వదలలేదు. మా అమ్మాయి కార్యాలయమున ఒక యువతి మెట్రోబండిలో పోవుచు వచ్చుచు ఊలుతో చిన్న ఎలుగుబంట్లు, కుందేళ్ళు అల్లి స్నేహితురాండ్రకు ఇచ్చుచుండునట. చక్కని పని. తోటి ఉద్యోగి యొకడు వచ్చి, తన మేనకోడలి పుట్టినదినమునకు పండ్రెండు కావలెను, నూలు ఖరీదు ఎంతైనను ఇచ్చెదనని ఉదారముగా పలికినాడట. నూలు ఖరీదు! చెక్క ఖరీదు ఇచ్చి వడ్రంగిని మంచము అడిగినచో వడ్రంగి ఏమనును?

ఇంతకును మనము లెక్కలు ఎఱుగని జాతి కాదు. పెండ్లిలో చదివింపుల పుస్తకమున నూటపదహారులు ఇచ్చినవాని పేరు, ఊరు, మొత్తము స్ఫుటముగా వ్రాసి, వారింటి శుభకార్యమునాడు ఆ పుట తీసి చూచి బదులు చదివించువారము. మా చెల్లెలి పెండ్లి పుస్తకమును మొన్న దించి చూచితిమి. ఆ దస్తూరి మాదే. అందొకచోట "లేసు పక్కదుప్పటి - 1" అని యున్నది, ఎదుట అంకె లేదు. ఆ దుప్పటి అల్లుటకు ఆమెకు ఏడునెలలు పట్టినది. స్టీలు బిందె ఎదుట అంకె యున్నది.

బహుమతికి వెల కట్టుట అపచారమని కార్యవర్గములోని ఒక పెద్దలు మాతో అనిరి. నిజమే, ఇచ్చువాడు తన వస్తువునకు వెల కట్టరాదు. కాని ఇచ్చువాడు వేఱు, అల్లునది వేఱు అయినచోట ఆ ధర్మము ఎట్లు వర్తించును? వేదికమీద శాలువ కప్పునది కార్యదర్శిగారు, ఫోటో వారిది, కృతజ్ఞత వారికి. అల్లినవారు ఆ వేళకు భోజనశాలలో విస్తళ్ళు సర్దుచుందురు. జవాను బిడ్డ టోపీకి మేమును వెల కట్టలేదు, ఆమెయు కట్టలేదు. అది ఆమె ఇచ్చినది. తక్కిన డెబ్బదిరెండింటిలో ఎన్ని ఆమె ఇచ్చినవి, ఎన్ని మేము ఇప్పించినవి అను ప్రశ్నకు మా యొద్ద సమాధానము లేదు.

ఒకమారు అడిగితిమి కూడ. ఒక అధికారి కోరగా ముదురాకుపచ్చ ఊలుతో అల్లిన శాలువను, ఏడాది తిరుగకమునుపే, వారి స్కూటరు తుడుచు గుడ్డగా చూచితిమి. మండిపడుచు ఇంటికి వచ్చి చెప్పితిమి. ఆమె సూదులు ఆపలేదు.

"తుడుచుకోనీండి. మడతపెట్టి బీరువాలో పడేసేవాళ్ళకన్నా నయం, వాడుకుంటున్నారు."

"నీకు బాధగా లేదా?"

"దానికి లేదు. ఆయనతో ఫోనులో మీరన్న మాటకే ఉంది."

"ఏ మాట?"

"ఊరికే ఉంటుందిగా, అన్నారు."

ఆ మాట వంటయింటికి వినబడునని మాకు ఎన్నడును తోచలేదు.

ఇది స్త్రీల విద్య, పురుషులకు చేతకాదు అను వాదము కూడ వినవచ్చుచున్నది. ఆ నరసాపుర సముద్రతీరమునందే జాలరులు ఇసుకలో కూర్చుండి వలలు అల్లుకొందురు; దారము, ముడి, కన్ను, వరుస, అన్నియు ఉన్నవి, మీసములును ఉన్నవి. పెరూదేశపు టాకీలే ద్వీపమున అల్లిక సూదులు పట్టువారు మగవారే. సోలాపురమున మన పద్మశాలీలు మగ్గముమీద కూర్చున్నప్పుడు అది ఆడవారి పనియని ఎవరు అనిరి? కూలి వచ్చు దారపుపని మగవానిది, కూలి రానిది ఆడదానిది అని పంపకము చేసికొన్నట్లున్నాము. అదే సోలాపురమున మన స్త్రీలు ఇంటిపట్టుననే బీడీలు చుట్టినను, వేయికింత యని కూలి అడిగి తీసికొందురు. చాలీచాలని కూలియే కావచ్చును. పని యను పేరైన దానికి దక్కినది.

కార్యవర్గమువారికి మా మనవి ఇది. చేతిపనితోనే అతిథులను గౌరవింపవలెనన్నచో నరసాపురమునుండి కొనుడు. ఆ లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు వచ్చినంతమాత్రమున అల్లినవారి చేతికి కూలి పెరుగదు గనుక, అల్లువారికే నేరుగా సొమ్ము చేరు చోటు విచారించి, బేరమాడక కొనుడు. శాలువకు కేటాయించిన సొమ్ము చాలకున్నచో అతిథుల సంఖ్య తగ్గింపుడు. అట్లుగాక సభ్యుల చేతులతోనే కావలెనందురా, ప్రతిపాదన చేసిన పదునొకండుగురును సూది పట్టుడు. మేము పట్టితిమి. ఈ ఏడు ఉగాదినుండి ఒక మఫ్లరు అల్లుచున్నాము. ముప్పది కుట్లతో మొదలిడిన వరుస ఎట్లు ముప్పదియారయినదో మాకు తెలియదు; ఒక అంచు నంది కొండల వలె ఎగుడుదిగుడుగా నున్నది. మా ఇల్లాలు చూచి పెదవి బిగబట్టుకొని, రెండు చోట్ల విప్పించినది. అది పూర్తియైనచో ఆ జవానుకు ఇయ్యదలచినాము. అతడును విరమించి, నేడు మనుమని ఎత్తుకొని తిరుగుచున్నాడు.

సంఘమునుండి వచ్చిన పట్టీ నిన్ననే చేరినది. మా ఇంటిపేరు ఎదుట "శాలువలు 2, లేసు 4" అని మమ్ము గాని ఆమెను గాని అడుగకయే నింపియున్నారు. క్రింద మా సంతకమునకు చోటు విడిచినారు. మేము కొట్టివేయలేదు, సంతకమును పెట్టలేదు. తీసికొనిపోయి ఆమె రేకుడబ్బామీద ఉంచితిమి. సాయంకాలము చూడగా ఆమె దానిని చదివి, వెనుకకు త్రిప్పి, ఖాళీగా ఉన్న వైపున తన మనుమరాలి చొక్కాకు కావలసిన ఊలు ఉండల లెక్క వ్రాసికొనియున్నది.